వెంటోటెనె దీవి: రెండు వేల ఏళ్ళుగా ద్వీపాంతర శిక్షకి ఇక్కడికే ఎందుకు పంపారు?

గౌతమిగట్టు
అందరికీ నమస్కారం. ఐరోపా సమాఖ్య ఎలా పుట్టిందో చదువుతుంటే వెంటోటెనె అనే ఇటలీ దీవి పేరు మాటిమాటికీ తగిలింది. మ్యాపులో వెతికితే రోమ్‌కీ నేపుల్స్‌కీ మధ్య, తిర్రేనియన్ సముద్రంలో చిన్న గీతలా కనపడింది. పొడవు మూడు కిలోమీటర్ల లోపే. వెడల్పు ఎక్కడా కిలోమీటరు రాదు. విస్తీర్ణం ఒకటిన్నర చదరపు కిలోమీటర్లు. పక్కనే రెండు కిలోమీటర్ల దూరంలో శాంటో స్టెఫానో అనే ఇంకా చిన్న దీవి, ఇప్పుడు అక్కడ ఎవరూ ఉండరు.

క్రీస్తుపూర్వం 2లో అగస్టస్ చక్రవర్తి సొంత కూతురు జూలియాని ఇక్కడికే పంపాడు. 1939 తర్వాత ముస్సోలినీ తన రాజకీయ శత్రువుల్ని వందల మందిని ఇక్కడే పెట్టాడు. మధ్యలో నేపుల్స్ రాజులూ అదే పని చేశారు. ప్రభుత్వాలు మారాయి, మతం మారింది, దీవి మాత్రం మారలేదు. మధ్యధరాలో వందల దీవులుండగా దీనికే ఈ గతి ఎందుకు పట్టిందో, తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. రెండు లైన్ల జవాబులు వద్దు, తీరుబడిగానే రాయండి.

నాపరాయి
రాయి దగ్గర మొదలుపెడతాను, సగం జవాబు అందులోనే ఉంది.

వెంటోటెనె ఒక పాత అగ్నిపర్వతంలో మిగిలిన ముక్క. పడమటి వైపు కూలి సముద్రంలో కలిసిపోయింది. మనకి కనపడేది ఆ కొండ తూర్పు అంచు మాత్రమే. అడుగున నల్లటి లావా, పైన బూడిద గట్టిపడి ఏర్పడ్డ పసుపు రంగు టఫ్ రాయి. దక్షిణం వైపు మోంటే డెల్ ఆర్కో 139 మీటర్లు, దీవిలో అదే ఎత్తైన చోటు. అక్కడి నుంచి ఉత్తరాన పుంటా ఎయోలో దాకా నేల ఏటవాలుగా దిగుతుంది.

దీనివల్ల రెండు సంగతులు జరిగాయి. ఒకటి, చుట్టూ నిట్రమైన చరియలు, పడవ ఆనించడానికి అనువైన చోట్లు నాలుగైదు కూడా లేవు. రెండు, నేల నీటిని నిలపదు. ఊట లేదు, వాగు లేదు. వాననీళ్ళు పట్టుకుంటేనే బతుకు. కాపలా పెట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి? రేవు చేతిలో ఉంటే మనిషి చేతిలో ఉన్నట్టే, నీళ్ళ తాళం కూడా వాడి దగ్గరే ఉంటుంది.

ఆ టఫ్ మెత్తటి రాయి, ఉలికి లొంగుతుంది, అలకీ లొంగుతుంది. 2010 ఏప్రిల్‌లో కాలా రొస్సానో బీచ్ మీద చరియ విరిగిపడి, రోమ్ నుంచి బడి విహారయాత్రకి వచ్చిన ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. ఫొటోల్లో ఆ పసుపు గోడల కింద నల్ల ఇసుక ఎంతో బాగుంటుంది. వెళ్ళేవాళ్ళు గోడ కింద మాత్రం కూర్చోకండి.

ఆకాశరామన్న
నాపరాయి గారి మాటకి ఒకటి చేరుస్తాను. దూరం కూడా చూడాలి. రోమన్ నౌకాదళం పడమటి స్థావరం మిసెనుం, నేపుల్స్ అఖాతం మొదట్లోనే ఉంది. ఖైదీని కళ్ళకి దూరంగా ఉంచొచ్చు, కబురు పెడితే సైనికుడు వెంటనే చేరుకోవచ్చు. జూలియాని లోకం చివరికి పంపేస్తే అక్కడి గవర్నరు ఆమెని అడ్డం పెట్టుకుని తిరగబడొచ్చు. ఇక్కడ ఆ భయం లేదు.

అప్పట్లో ఈ దీవి పేరు పండటేరియా. జూలియాని చీకటి కొట్లో పడేయలేదు, పుంటా ఎయోలో మీద రాజకుటుంబపు విలాస భవనంలోనే ఉంచారు. దాని శిథిలాల్ని ఇవాళ్టికీ విల్లా జూలియా అంటారు. కానీ రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్ రాసిన షరతులు చూడండి: మద్యం లేదు, ఏ సౌఖ్యమూ లేదు. ఏ మగవాడైనా దీవికి రావాలంటే అగస్టస్ అనుమతి కావాలి. వచ్చేవాడి వయసు, ఎత్తు, రంగు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు కూడా ముందే ఆయనకి తెలపాలి. బయటికి వ్యభిచారం అన్నారు. అసలు గుబులు రాజకీయం. ఆమెతో పేరు కలిపిన ఇయుల్లుస్ ఆంటోనియస్ సాక్షాత్తూ అగస్టస్ పాత శత్రువు మార్క్ ఆంటోనీ కొడుకు.

రోమ్ జనం ఆమెని వెనక్కి పిలవమని మొరపెట్టుకున్నారు. నిప్పూ నీళ్ళూ కలిసిన నాడు చూద్దాం అన్నట్టు జవాబిచ్చాడట అగస్టస్. జనం కాగడాలు తెచ్చి టైబర్ నదిలోకి విసిరారు. ఇది డియో కాసియస్ రాసిన సంగతి. అయిదేళ్ళకి ఇటలీ దక్షిణపు కొసన రేగియుంకి మార్చారు, అంతకంటే ఆయన మనసు కరగలేదు.

తర్వాత మనవరాలి వంతు. జూలియా కూతురు పెద్ద అగ్రిప్పినాని, అగస్టస్ తర్వాత చక్రవర్తి అయిన టైబీరియస్ క్రీ.శ. 29లో పంపాడు. కొట్టించినప్పుడు ఒక కన్ను పోయిందని స్యూటోనియస్ రాశాడు. 33లో తిండి లేక అక్కడే చనిపోయింది. నీరో భార్య ఆక్టేవియా 62లో వచ్చింది, ఆమెకి ఇరవై ఏళ్ళు. వచ్చిన కొద్ది రోజులకే కట్టేసి నరాలు కోశారు. భయానికి నెత్తురు సరిగా పారడం లేదని వేడి ఆవిరి గదిలో ఊపిరాడకుండా చేసి చంపారు. తల కోసి రోమ్‌కి పట్టుకెళ్ళారు, నీరో కొత్త భార్య పొప్పేయా చూడ్డానికి. టాసిటస్ ఆ పేరా రాసిన తీరు చదివితే నిద్ర పట్టదు.

టీచరమ్మ
రామన్న గారూ, ఒక మనిషిని వదిలేశారు. స్క్రిబోనియా. జూలియా తల్లి. కూతురు పుట్టిన రోజే అగస్టస్ ఆమెకి విడాకులిచ్చి లివియాని చేసుకోవడానికి సిద్ధమయ్యాడు. ముప్పై ఏడేళ్ళ తర్వాత ఆ కూతురిని దీవికి తోలేస్తుంటే ఈ తల్లి ఏ శిక్షా లేకుండానే తనంతట తాను ఓడెక్కింది. దీవిలోనూ, తర్వాత రేగియుంలోనూ కూతురి పక్కనే ఉంది. చక్రవర్తుల క్రూరత్వం గురించి పేజీలకి పేజీలు దొరుకుతాయి, ఈవిడకి మాత్రం చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలే ఇచ్చారు. తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలు అడిగేది ఆవిడ గురించే.

ఓవర్సీరు
రాణుల కథలు సరే. ఆ భవనంలో వాళ్ళు తాగిన నీళ్ళు ఎక్కడివి? నాకు ఈ దీవి మీద మక్కువ అక్కడే పుట్టింది.

ముందు రేవు చెప్తాను. రోమన్లు ఇక్కడ సముద్రంలోకి గోడ కట్టలేదు. ఒడ్డునున్న టఫ్ రాతిని తొలిచి, లోపలికి నీళ్ళు రానిచ్చి రేవు చేశారు. తవ్వి తీసిన రాయి సుమారు 60,000 ఘనపు మీటర్లని అంచనా. పడమటి గాలికి దీవే అడ్డం. నోరు సన్నగా ఉంటుంది కాబట్టి అల లోపలికి చొరబడదు. ఒడ్డు పొడుగునా గిడ్డంగులు కూడా ఆ రాతిలోనే తొలిచారు. ఓడ తాళ్ళు చుట్టే గుంజలు విడిగా పాతినవి అనుకుంటాం. దగ్గరికెళ్తే అవీ అదే బండలో భాగం, చుట్టూ రాతిని చెక్కేసి గుంజని మిగిల్చారు. ఇవాళ్టికీ చేపల పడవలు అక్కడే ఆగుతున్నాయి. రెండు వేల ఏళ్ళు పనిచేస్తున్న రేవు!

ఇక నీళ్ళు. దీవి మధ్యలో, ఎత్తుగా ఉన్న చోట వాననీళ్ళు పట్టి, రాతిలో తొలిచిన పెద్ద సంపుల్లోకి మళ్ళించారు. అక్కడి నుంచి సొరంగాల్లో వాలు లెక్క చూసుకుని పుంటా ఎయోలో దాకా తీసుకెళ్ళారు. పంపు లేదు, యంత్రం లేదు. సంపు లోపల సున్నంలో పెంకుల పొడి కలిపి గచ్చు చేశారు. మన పాత మిద్దెల్లో ఇటుక పొడి వేసి గచ్చు చేసినట్టే, నీటిని చుక్క కూడా పీల్చదు. గోడా నేలా కలిసే మూలని గుండ్రంగా తిప్పారు, పగులు పుట్టకుండానూ, కడగడానికి వీలుగానూ. ఆ మూల చూస్తే చాలు, చేసిన మేస్త్రీకి పని తెలుసని అర్థమైపోతుంది.

రేవు పక్కనే చేపల తొట్లు. సముద్రపు నీరు వచ్చిపోవడానికి తూములు, వాటికి పైకీ కిందకీ జరిపే పలకలు, పలకలకి చిన్న బెజ్జాలు. నీళ్ళు మారతాయి, చేప బయటికి పోదు. అప్పటికంటే సముద్రమట్టం పెరిగింది, అందుకని ఆ గోడలు ఇప్పుడు చాలావరకు నీళ్ళలోనే ఉన్నాయి.

ఇదంతా తొలిచినవాళ్ళు బానిసలు. వాళ్ళ పేర్లు ఒక్కటీ లేవు, ఉలి గాట్లు ఉన్నాయి.

మిలానువాసి
ఓవర్సీరు గారు చెప్పిన సంపు నేను చూశాను. ఖైదీల సంపు అంటారు దాన్ని. నేపుల్స్ బూర్బన్ రాజులు 1770ల్లో దీవిలో మళ్ళీ జనాన్ని పెట్టాలనుకున్నప్పుడు ఊరు కట్టడానికి ఖైదీల్ని తెచ్చి, రాత్రుళ్ళు ఆ ఎండిపోయిన సంపులోనే ఉంచారు. గోడల మీద వాళ్ళు గీసిన శిలువలు, ఓడలు ఉన్నాయి. మెట్లు దిగి లోపలికి వెళ్తే బయటి ఎండ ఒక్కసారిగా తెగిపోతుంది. ఎంత తొలిచారంటే, ఒక వరసలో నిలబడితే పక్క వరసలో మాట్లాడేవాళ్ళు కనపడరు, గొంతు మాత్రం వినపడుతుంది. నీళ్ళు నిలబడ్డ గీత గచ్చు మీద ఇంకా తెలుస్తూనే ఉంది, నా తల కంటే చాలా పైన.

ఇప్పుడున్న ఊరు ఆ బూర్బన్ కాలానిదే. ఇంజనీర్లు ఆంటోనియో విన్‌స్పియర్, ఫ్రాంచెస్కో కార్పి. లేత గులాబీ, పసుపు సున్నం ఇళ్ళు, మెలికలు తిరుగుతూ రేవు నుంచి పైకెళ్ళే బాట, శాంటా కాండిడా గుడి. ఇక్కడివాళ్ళ పూర్వీకులు ఎక్కువగా కంపానియా నుంచీ ఇస్కియా నుంచీ భూమి ఇస్తామంటే వచ్చిన రైతులు, జాలర్లు. మసూర్ పప్పు ఇక్కడ బాగా పండుతుంది, గింజ చిన్నది, ఇటలీ అంతా దానికి పేరుంది.

గౌతమిగట్టు గారూ, ఒక విన్నపం. ఈ దీవిని వట్టి జైలుగానే చూడకండి. శిక్ష పడ్డవాళ్ళు వచ్చారు, పోయారు. ఈ కుటుంబాలు రెండున్నర శతాబ్దాలుగా అక్కడే పప్పు పండించుకుంటూ, వల లాగుతూ ఉన్నాయి. రికార్డుల్లో సుమారు 700 మంది, చలికాలం దీవిలో మిగిలేది అందులో సగం కూడా కాదు. చాలా దశాబ్దాలు తాగునీళ్ళు ఓడల్లో తెచ్చుకున్నారు. సముద్రం పోటెత్తితే ఫెర్రీ రాదు, ఫెర్రీ రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళేదీ లేదు, కూరగాయలూ లేవు.

ఎర్రకలువ
మిలానువాసి గారి బాధ అర్థమైంది. కానీ శాంటో స్టెఫానో జైలు గురించి చెప్పకపోతే ఆ జైల్లో పోయినవాళ్ళకి అన్యాయం చేసినట్టే.

కార్పియే కట్టాడు, 1795లో తెరిచారు. గుర్రపు నాడా ఆకారం, మూడంతస్తులు, 99 గదులు. అన్ని తలుపులూ లోపలి ముంగిట్లోకే తెరుచుకుంటాయి, మధ్యలో నిలబడ్డ ఒక్క కాపలావాడికి అన్నీ కనపడతాయి. చుట్టూ సముద్రమే, గదిలోంచి మాత్రం సముద్రం కనపడదు. మన అండమాన్ సెల్యులర్ జైలు దీని తర్వాత వందేళ్ళకి అదే పద్ధతిలో లేచింది.

నేపుల్స్ రాజుని ఎదిరించిన రచయిత లుయీజీ సెట్టెంబ్రీనికి 1851లో ఉరిశిక్ష వేసి, దాన్ని యావజ్జీవంగా మార్చి ఇక్కడ పడేశారు. 1859లో ఆయన్నీ ఇంకా అరవై మందికి పైగా ఖైదీల్నీ అమెరికాకి దేశబహిష్కారం చేస్తూ ఓడ ఎక్కించారు. నావికుడైన ఆయన కొడుకు రఫాయేలె మారువేషంలో ఆ ఓడలో పనివాడిగా చేరాడు. నడి సముద్రంలో కెప్టెన్ మెడలు వంచి ఓడని ఐర్లండ్‌కి తిప్పించాడు. అందరూ అక్కడ స్వేచ్ఛగా దిగారు. రెండేళ్ళు తిరక్కుండా ఆ రాజ్యమే పోయింది.

1900లో ఇటలీ రాజు మొదటి ఉంబెర్తోని కాల్చి చంపిన గయెటానో బ్రెష్చి ఇక్కడే 1901 మేలో కొట్లో శవమై కనపడ్డాడు. ఆత్మహత్య అన్నారు, ఆనాటి నుంచీ నమ్మనివాళ్ళే ఎక్కువ. ముస్సోలినీ కాలంలో సాండ్రో పెర్టిని ఈ జైల్లోనే ఉన్నాడు, ఆయనే 1978లో ఇటలీ అధ్యక్షుడయ్యాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి 1952లో లోక్‌సభకి ఎన్నికైన సంగతి మనవాళ్ళలో ఎంతమందికి గుర్తుందో! పెర్టినికి ఇటలీలో ఊరూరా వీధులున్నాయి.

జైలు 1965లో మూసేశారు. అంతకుముందు 1950ల్లో ఎయుజేనియో పెరుకాట్టి అనే అధికారి ఖైదీలకి ఫుట్‌బాల్ మైదానం, సినిమా, గౌరవమైన పని ఇచ్చి ఆ నరకాన్ని కొన్నేళ్ళు మనుషులుండే చోటుగా మార్చాడు. ఆయన్ని తప్పకుండా తలుచుకోవాలి.

గౌతమిగట్టు
ఇంత వివరంగా వస్తుందనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ఇప్పుడు నేను మొదట చదివిన సంగతికొద్దాం, 1941 నాటి వెంటోటెనె మానిఫెస్టో. అల్టియేరో స్పినెల్లి, ఎర్నెస్టో రొస్సి, ఎయుజేనియో కొలోర్ని. ముగ్గురూ నిర్బంధంలో ఉన్నవాళ్ళే. యూరప్ అంతా హిట్లర్ చేతిలో ఉన్న రోజుల్లో, ఎవరు గెలుస్తారో తెలియని రోజుల్లో, యుద్ధం అయ్యాక జాతి రాజ్యాల్ని పక్కనపెట్టి ఒకే సమాఖ్య కావాలని ఎలా రాయగలిగారు? వాళ్ళకి పుస్తకాలు ఎలా అందాయి?

ఎర్రకలువ
నిర్బంధ ఖైదీలు కొట్లలో ఉండేవారు కారు. ఊళ్ళోనే బ్యారక్‌ల్లో పడుకోవాలి, హద్దు గీత దాటకూడదు, హాజరు వేయించుకోవాలి, రోజుకి అయిదు లీరాల భత్యం. దాంతోనే తిండి. కమ్యూనిస్టులు, అరాచకవాదులు, సోషలిస్టులు ఎవరి మెస్ వాళ్ళు నడుపుకున్నారు, ఎవరి చదువులు వాళ్ళు సాగించారు. దాదాపు 800 మంది దాకా ఉన్న రోజులున్నాయి.

రొస్సి ఆర్థికవేత్త. లుయీజీ ఎయినౌడితో ఉత్తరాలు నడిచేవి. ఆయనే బ్రిటిష్ సమాఖ్యవాదుల పుస్తకాలు పంపాడు, లయొనెల్ రాబిన్స్ రాసినవి కూడా. ఆర్థికశాస్త్రం పుస్తకాలే కదా అని కాపలావాళ్ళు వదిలేశారు. ఆ ఎయినౌడి 1948లో ఇటలీ అధ్యక్షుడయ్యాడు.

స్పినెల్లి 19 ఏళ్ళకే, 1927లో కమ్యూనిస్టుగా జైలుకెళ్ళినవాడు. స్టాలిన్ సొంత పార్టీవాళ్ళనే చంపించిన మాస్కో విచారణల తర్వాత పార్టీతో తెగిపోయింది, దీవిలో పాత సహచరులు ఆయనతో మాట మానేశారు. నిర్బంధంలో మళ్ళీ వెలి! ఆ ఒంటరితనంలోంచి పుట్టిన రాత అది.

రాసిన వాటిని సిగరెట్ కాగితాల మీదికి ఎక్కించి బయటికి చేర్చింది ఆడవాళ్ళు. కొలోర్ని భార్య ఉర్సులా హిర్ష్‌మన్, రొస్సి భార్య అడా. వాళ్ళు ఖైదీలు కారు కాబట్టి ప్రధాన భూభాగానికి రాకపోకలుండేవి. ఉర్సులా బెర్లిన్ నుంచి పారిపోయి వచ్చిన యూదు యువతి. పట్టుబడితే ఏమయ్యేదో వేరే చెప్పక్కర్లేదు. కొలోర్నిని 1944 మేలో, రోమ్ విముక్తికి కొద్ది రోజుల ముందు, నడివీధిలో ఫాసిస్టులు కాల్చారు.

ఆకాశరామన్న
ఆ మానిఫెస్టో మీద నాకు గౌరవం ఉంది, కానీ పూర్తి పాఠం చదివి మాట్లాడుకుందాం. సంక్షోభ సమయంలో ప్రజాస్వామ్య పద్ధతి చతికిలపడుతుందనీ, విప్లవ పార్టీయే నియంతృత్వంతో కొత్త రాజ్యాన్ని నిలబెట్టాలనీ అందులో ఉంది. 2025 మార్చిలో ఇటలీ ప్రధాని మెలోని పార్లమెంటులో అలాంటి వాక్యాలే చదివి, ఇది నా యూరప్ కాదన్నారు. సభలో పెద్ద గొడవైంది. ఆ వాక్యాలు కల్పించినవి కావు కదా.

ఎర్రకలువ
కల్పించినవి కావు రామన్న గారూ. కానీ ఎన్నికలే లేని దేశంలో, 20 ఏళ్ళ నియంతృత్వం కింద కూర్చుని రాసిన వాక్యాలవి. స్పినెల్లి తర్వాత ఏం చేశాడో కూడా చూడాలి. 1943 ఆగస్టులో విడుదలై నెలాఖరుకే మిలాన్‌లో ఐరోపా సమాఖ్య ఉద్యమం మొదలుపెట్టాడు. 1970 నుంచి 76 దాకా యూరోపియన్ కమిషనర్. 1979లో జనం ఓట్లతో ఏర్పడ్డ తొలి ఐరోపా పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. 1984 ఫిబ్రవరి 14న సమాఖ్య ఒప్పందం ముసాయిదాని ఆ సభ చేత ఓటుతో ఆమోదింపజేశాడు. జీవితంలో మిగిలిన నలభై ఏళ్ళూ సభల్లో మెజారిటీ కూడగట్టడానికే ఖర్చుపెట్టినవాణ్ణి ఒక పేరాతో కొలవడం నాకు న్యాయమనిపించదు.

ఆకాశరామన్న
ఆయన జీవితం గురించి మీరన్నది ఒప్పుకుంటాను. రాతని రాతగానే చదవాలన్న నా మాట నాదే.

మిలానువాసి
మళ్ళీ దీవి జనం మరుగునపడుతున్నారు. 1943 జులై 24. ప్రధాన భూభాగం నుంచి దీవులకి మనుషుల్నీ టపాలనీ చేరవేసే శాంటా లూసియా అనే ఓడని మిత్రపక్షాల విమానాలు టార్పెడోతో ముంచేశాయి. సుమారు వంద మంది పోయారు. దీవివాళ్ళు, సైనికులు, ఇంటికి వస్తున్నవాళ్ళు. ఆ మర్నాడే, జులై 25న, ముస్సోలినీని దించేసి అరెస్టు చేశారు. స్పినెల్లి సంగతి ఎక్కడ అడిగినా చెప్తారు, ఈ ఓడ పేరు దీవిలో అడిగితేనే తెలుస్తుంది.

నాపరాయి
అరెస్టంటే గుర్తొచ్చింది. ముస్సోలినీని ఎక్కడ దాచాలా అని చూసినప్పుడు మొదట అనుకున్నది ఈ దీవినే! గయేటాలో పెర్సెఫొనె అనే యుద్ధనౌక ఎక్కించి వెంటోటెనె దగ్గరికి తెచ్చారు. అధికారులు దిగి విచారిస్తే దీవి మీద జర్మన్ దళం ఉంది, విడిపించుకుపోతారని భయపడి పొంజా అనే ఇంకో దీవికి తీసుకెళ్ళారు. అప్పటికి ఆయన పంపిన ఖైదీలు ఇంకా వెంటోటెనెలోనే ఉన్నారు. ఆ జర్మన్లు కూడా సెప్టెంబర్ 8 రాత్రి కొద్దిమంది అమెరికన్ పారాట్రూపర్లకి లొంగిపోయారు, బయట పెద్ద నౌకాదళం కాచుకుని ఉందని నమ్మి. రచయిత జాన్ స్టైన్‌బెక్ యుద్ధ విలేకరిగా ఆ దాడి వెంట ఉన్నాడు.

టీచరమ్మ
మిలానువాసి బాబూ, వచ్చే ఏడాది మా అమ్మాయి దగ్గరికి రోమ్ వెళ్తున్నాను. ఈ వయసులో ఈ దీవి చూడగలనా? ఎప్పుడు వెళ్తే మంచిది?

మిలానువాసి
చూడొచ్చు అమ్మా. రోమ్ నుంచి రైల్లో ఫోర్మియా దిగండి, రేవు దగ్గరే. మామూలు ఫెర్రీ సుమారు రెండు గంటలు, హైడ్రోఫాయిల్ అయితే త్వరగా పోతుంది, కానీ సముద్రం కాస్త రేగినా ముందు దాన్నే ఆపేస్తారు. చలికాలం వద్దు. జులై, ఆగస్టుల్లో రద్దీ. సెప్టెంబర్ 20 శాంటా కాండిడా పండగ. ఆ రోజులకి వెళ్తే ఊరివాళ్ళు సొంతంగా అతికించుకున్న పెద్ద పెద్ద కాగితపు బుడగల్లో వేడిగాలి నింపి ఎగరేయడం చూస్తారు.

పుంటా ఎయోలో శిథిలాల దాకా నేల చాలావరకు చదునే, మీరు నిదానంగా నడవొచ్చు. ఖైదీల సంపులో మెట్లున్నాయి, ఎవరినైనా తోడు తీసుకోండి. మ్యూజియం వాళ్ళని ముందే అడిగితే చూపించేవాళ్ళు వస్తారు. వలస పక్షుల మ్యూజియం కూడా ఉంది. ఆఫ్రికా నుంచి ఉత్తరానికి పోయే పక్షులు వసంతంలో ఇక్కడ దిగి అలుపు తీర్చుకుంటాయి. శాంటో స్టెఫానో మాత్రం మీకు చెప్పను, అక్కడ పడవ ఆనేది రాళ్ళ మీద, దిగడం కుర్రవాళ్ళకే కష్టం. రేవు పక్కన పప్పు సూప్ దొరుకుతుంది, వేడిగా తాగి ఒక పొట్లం పప్పు కొనుక్కురండి.